రికార్డుల లెక్క సరిపోయింది, మరి డేటా?

డేటాబేస్ శీర్షికకు ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పోస్ట్‌గ్రెస్ లాజికల్ రెప్లికేషన్ గురించే, అంటే ఒక సర్వర్ (పబ్లిషర్) టేబుళ్లలో జరిగే మార్పులను మరో సర్వర్ (సబ్‌స్క్రైబర్) ఎప్పటికప్పుడు అందుకోవడం. అందులోనూ సబ్‌స్క్రిప్షన్ (సబ్‌స్క్రైబర్‌లో ఆ మార్పులు అందుకునే ఏర్పాటు) పెట్టగానే పాత డేటాను ఒక్కో టేబుల్ చొప్పున తెచ్చుకునే తొలి దశ, అంటే టేబుల్ సింక్, చాలామందిని ఇబ్బంది పెడుతోంది. జవాబులు వెర్షన్ 14, ఆపైవాటికి వర్తిస్తాయి. తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

ప్రశ్న: పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారడానికి లాజికల్ రెప్లికేషన్ పెట్టాం. టెస్ట్ సర్వర్లలో రెండువైపులా కౌంట్ వేసి చూస్తే సరిపోయింది. టెస్ట్ పాసైనట్టేనా? కాపీ నడుస్తుండగా పబ్లిషర్‌లో జరిగిన మార్పులు జారిపోలేదని ఎలా తేల్చుకోవాలి? (హైదరాబాద్)

పాసైనట్టు కాదు. ఎవరూ రాయని టేబుల్ మీద కౌంట్ సరిపోవడం కాపీ జరిగిందనడానికి మాత్రమే ఆధారం. తప్పు జరిగే అవకాశం ఉన్నది కాపీలో కాదు, కాపీ ముగిశాక జరిగే అప్పగింతలో.

ప్రతి టేబుల్‌కూ ఒక సింక్ వర్కర్ లేస్తుంది. అది పబ్లిషర్‌లో తనకంటూ ఒక స్లాట్ (ఎంతవరకు చదివిందో గుర్తుంచుకుని, మిగతా మార్పులు పోకుండా చూసేది) తయారుచేసి, ఆ క్షణపు స్నాప్‌షాట్‌తో, అంటే డేటా ఆ క్షణాన ఉన్న రూపంతో, టేబుల్ మొత్తాన్ని కాపీ చేస్తుంది. ఈలోగా సబ్‌స్క్రిప్షన్ అసలు వర్కర్, అంటే వచ్చిన మార్పులను వేసే అప్లై వర్కర్, మిగతా టేబుళ్ల మార్పులు వేసుకుంటూ ముందుకు వెళ్తుంది, ఈ టేబుల్ మార్పులను మాత్రం వదిలేస్తుంది. కాపీ అయ్యాక అప్లై వర్కర్ తాను ఎంతవరకు వచ్చిందో ఆ ఎల్‌ఎస్‌ఎన్ (మార్పుల లాగ్‌లో స్థానం) చెబుతుంది. సింక్ వర్కర్ తన స్లాట్‌లో నిలవున్న మార్పులను అక్కడిదాకా వేసి టేబుల్‌ను అప్పగిస్తుంది. కాబట్టి స్నాప్‌షాట్ తీశాక, కాపీ ముగియకముందే పబ్లిషర్‌లో మార్పు జరిగేలా చూడగలిగితేనే అది టెస్ట్ అవుతుంది. స్లీప్‌లు పెట్టి ఆ సందును పట్టుకోలేం. కాపీని మధ్యలో కచ్చితంగా ఆపే పద్ధతి ఒకటుంది.

రెండు వేర్వేరు క్లస్టర్లు (విడివిడిగా నడిచే పోస్ట్‌గ్రెస్ సర్వర్లు) పెట్టుకోండి: పబ్లిషర్ 5432 పోర్టులో, సబ్‌స్క్రైబర్ 5433లో. ఒకే క్లస్టర్‌లో రెండు డేటాబేసులతో చేయబోతే క్రియేట్ సబ్‌స్క్రిప్షన్ తన ట్రాన్సాక్షన్ ముగియాలని తానే ఎదురుచూస్తూ వేలాడిపోతుంది. పబ్లిషర్‌లో వాల్_లెవెల్ లాజికల్‌గా మార్చి రీస్టార్ట్ చేయండి. ఆర్డర్స్ అనే టేబుల్, ఐడీ ప్రైమరీ కీ, అమౌంట్ ఇంకో కాలమ్. 1 నుంచి 1000 దాకా ఐడీలతో రికార్డులు, అన్నిటి అమౌంట్ 100. సబ్‌స్క్రైబర్‌లో అదే నిర్మాణంతో ఖాళీ టేబుల్. పబ్లిషర్‌లో ఈ టేబుల్‌తో ఒక పబ్లికేషన్ (పంపాల్సిన టేబుళ్ల జాబితా).

ఇప్పుడు సబ్‌స్క్రైబర్‌లో ఒక సెషన్ తెరిచి, బిగిన్ కొట్టి, ఐడీ 500తో ఒక రికార్డు ఇన్సర్ట్ చేసి కమిట్ చేయకుండా అలాగే ఉంచండి. ఇంకో సెషన్‌లో సబ్‌స్క్రిప్షన్ క్రియేట్ చేయండి. కాపీ మొదలవుతుంది. 500 దగ్గరకు వచ్చేసరికి, అదే కీతో ఇంకా తేలని ట్రాన్సాక్షన్ ఒకటి ఉంది కాబట్టి వర్కర్ ఆగిపోతుంది. ఆగిందని ఊహించుకోవద్దు, చూడండి: పీజీ_స్టాట్_సబ్‌స్క్రిప్షన్‌లో రెల్‌ఐడీ ఖాళీగా లేని వరుసలోని పీఐడీ తీసుకుని, పీజీ_స్టాట్_యాక్టివిటీలో వెతికితే వెయిట్_ఈవెంట్_టైప్ కింద లాక్, వెయిట్_ఈవెంట్ కింద ట్రాన్సాక్షన్‌ఐడీ కనిపించాలి. అలా కనిపించిందంటే స్నాప్‌షాట్ అప్పటికే తీసేసినట్టు. ఇక పబ్లిషర్‌లో మీరు ఏం చేసినా కాపీలోకి రాదు.

అప్పుడు పబ్లిషర్‌లో మూడు పనులు చేయండి. ఐడీ 1001 ఇన్సర్ట్ చేయండి, ఐడీ 10 అమౌంట్‌ను 999 చేయండి, ఐడీ 20 డిలీట్ చేయండి. సబ్‌స్క్రైబర్‌లో ఆపి ఉంచిన సెషన్‌ను రోల్‌బ్యాక్ చేయండి. కాపీ కదులుతుంది, వెనకే మూడు మార్పులూ రావాలి.

ఇక్కడ లెక్క గమనించండి. వెయ్యికి ఒకటి కలిసింది, ఒకటి పోయింది, మళ్లీ వెయ్యే. ఒకవేళ మూడు మార్పుల్లో ఒక్కటీ రాకపోయినా సబ్‌స్క్రైబర్‌లో కౌంట్ 1000 అనే చూపిస్తుంది. అందుకే 1001 ఉందా, 10 దగ్గర 999 ఉందా, 20 పోయిందా అని విడివిడిగా చూడాలి. మొత్తం టేబుల్‌ను పోల్చాలంటే కాలమ్‌లను పేర్లతో వరుసగా రాసి, ఐడీ క్రమంలో స్ట్రింగ్_యాగ్‌తో కలిపి ఎండీ5 (డేటాకు వేలిముద్రలాంటి విలువ) తీసి రెండువైపులా పోల్చండి. స్టార్ వాడొద్దు. రెప్లికేషన్ కాలమ్‌లను పేరుతో జతచేస్తుంది, వాటి క్రమం రెండువైపులా వేరుగా ఉండవచ్చు. టైమ్‌జోన్, డేట్‌స్టైల్ సెట్టింగులు కూడా రెండు సెషన్లలో ఒకటే ఉండాలి, లేకపోతే డేటా ఒకటే అయినా ఎండీ5 మారిపోతుంది. పెద్ద టేబుల్ అయితే లక్ష ఐడీల చొప్పున విడగొట్టండి.

ఇదే ఏర్పాటుతో ఇంకో రెండు టెస్టులు చేయవచ్చు. చేసితీరాలని మా సలహా. ప్రతిసారీ సబ్‌స్క్రిప్షన్ డ్రాప్ చేసి, పబ్లిషర్‌లో పాత వెయ్యి రికార్డులే ఉండేలా, సబ్‌స్క్రైబర్‌లో టేబుల్ ఖాళీగా ఉండేలా చూసుకుని మళ్లీ మొదలుపెట్టండి.

మొదటిది: రోల్‌బ్యాక్ బదులు కమిట్ చేయండి. డూప్లికేట్ కీ ఎర్రర్‌తో వర్కర్ పడిపోతుంది, టేబుల్ స్థితి (పీజీ_సబ్‌స్క్రిప్షన్_రెల్‌లో కనిపిస్తుంది) డి దగ్గరే, అంటే వర్కర్ పని మొదలుపెట్టిన దశలోనే, ఉంటుంది, వాల్_రిట్రీవ్_రిట్రై_ఇంటర్వెల్ ప్రకారం 5 సెకన్ల తరవాత మళ్లీ లేచి మొదటి రికార్డు నుంచి కాపీ మొదలుపెడుతుంది. సబ్‌స్క్రైబర్‌లో 500ను డిలీట్ చేస్తే తరవాతి ప్రయత్నంలో పూర్తవ్వాలి. ప్రొడక్షన్‌లో పది కోట్ల రికార్డుల టేబుల్ చివర్లో ఇలాంటి ఒక్క రికార్డు ఉన్నా, ప్రతి విఫల ప్రయత్నం సబ్‌స్క్రైబర్ డిస్క్‌లో చచ్చిన రికార్డులను మిగిల్చిపోతుంది. 15 నుంచి పీజీ_స్టాట్_సబ్‌స్క్రిప్షన్_స్టాట్స్‌లో సింక్_ఎర్రర్_కౌంట్ ఉంది. అది పెరుగుతోందా అని అలర్ట్ పెట్టుకోండి. డిజేబుల్_ఆన్_ఎర్రర్ ఆన్ చేస్తే మొదటి ఎర్రర్‌కే సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతుంది, పెద్ద టేబుళ్లకు అదే నయం.

రెండోది: సబ్‌స్క్రైబర్‌లో ఐడీ 1001ను ముందే కమిట్ చేసి ఉంచి, మిగతాదంతా పైన చెప్పిన రోల్‌బ్యాక్ పద్ధతిలోనే చేయండి. రోల్‌బ్యాక్ తరవాత కాపీ సజావుగా పూర్తవుతుంది, ఎందుకంటే స్నాప్‌షాట్‌లో 1001 లేదు. ఆపైన నిలవ మార్పులు వేసేటప్పుడు 1001 దగ్గర ఢీకొంటుంది. ఇప్పుడు స్థితి ఎఫ్. అంటే కాపీ ముగిసింది, మార్పులే మిగిలాయి. వర్కర్ మళ్లీ లేచినా కాపీ మళ్లీ చేయదు, స్లాట్ నిలిచే ఉంటుంది కాబట్టి ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. సబ్‌స్క్రైబర్‌లో 1001 తీసేస్తే ఎస్‌కు (సింక్ అయింది), తరవాత ఆర్‌కు (సిద్ధం) వెళ్తుంది. 13 వరకు ఈ వెసులుబాటు లేదు, మొత్తం కాపీ మళ్లీ మొదటికొచ్చేది. పాత వెర్షన్‌లో సబ్‌స్క్రైబర్ నడుపుతున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నిజమైన రద్దీతో చూడాలంటే పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే లోడ్ టెస్ట్ సాధనం పీజీబెంచ్ చాలు. స్కేల్ 50తో పబ్లిషర్‌ను నింపితే అకౌంట్స్ టేబుల్‌లో 50 లక్షల రికార్డులు వస్తాయి. సబ్‌స్క్రైబర్‌లో పెద్ద ఐ ఆప్షన్‌కు డీటీపీ అని ఇచ్చి టేబుళ్లు, ప్రైమరీ కీలు మాత్రమే తయారుచేయండి. పబ్లిషర్‌లో 8 క్లయింట్లతో 120 సెకన్లు నడపండి, 10 సెకన్లయ్యాక సబ్‌స్క్రిప్షన్ పెట్టండి. నడిపేటప్పుడు చిన్న ఎన్ ఆప్షన్ తప్పనిసరి. అది లేకపోతే పీజీబెంచ్ మొదట్లోనే హిస్టరీ టేబుల్‌ను ట్రంకేట్ చేస్తుంది, అంతకుముందు ఒకసారి నడిపి ఉంటే కింది కూడికలు తప్పుతాయి. అంతా ముగిశాక అకౌంట్స్, టెల్లర్స్, బ్రాంచెస్ బ్యాలెన్సుల మొత్తాలు, హిస్టరీలో డెల్టా మొత్తం, నాలుగూ ఒకటే అంకె రావాలి. మధ్యలో చూస్తే సబ్‌స్క్రైబర్‌లో ఇవి కలవవు, అది దోషం కాదు. ఒక్కో టేబుల్ ఒక్కో క్షణపు స్నాప్‌షాట్‌తో వస్తుంది, అన్నీ ఆర్ స్థితికి చేరేదాకా టేబుళ్ల మధ్య పొంతన ఉండదు. ఆ సమయంలో కొత్త సర్వర్ మీద రిపోర్టులు నడపకండి.

ప్రశ్న: మా ఆటోమేటెడ్ టెస్టులో సబ్‌స్క్రిప్షన్ పెట్టాక 30 సెకన్ల స్లీప్ ఉంది. నా ల్యాప్‌టాప్‌లో పాసవుతుంది, బిల్డ్ సర్వర్‌లో అప్పుడప్పుడూ ఫెయిలవుతుంది. ఎంతకు పెంచాలి? (బెంగళూరు)

పెంచకండి, తీసేయండి. పీజీ_సబ్‌స్క్రిప్షన్_రెల్‌లో ఎస్ఆర్‌సబ్‌స్టేట్ అనే కాలమ్ ప్రతి టేబుల్ స్థితినీ చెబుతుంది. ఆర్, ఎస్ కాని వరుసలు సున్నా అయ్యేదాకా పదో వంతు సెకనుకోసారి అడగండి, 180 సెకన్లు దాటితే ఫెయిల్ చేయండి. పోస్ట్‌గ్రెస్ సొంత టెస్టులు పాటించే కొలతలే ఇవి. ఆర్ ఒక్కదాని కోసమే ఆగితే అనవసరంగా ఆలస్యం కావచ్చు, ఎందుకంటే ఎస్ నుంచి ఆర్‌కు మార్చేది అప్లై వర్కర్, అది ఆ ఎల్‌ఎస్‌ఎన్ దాటాకే మారుస్తుంది. ఆ తరవాత రెండో నిరీక్షణ: పబ్లిషర్‌లో పీజీ_కరెంట్_వాల్_ఎల్‌ఎస్‌ఎన్ విలువ తీసుకుని, పీజీ_స్టాట్_రెప్లికేషన్‌లో మీ సబ్‌స్క్రిప్షన్ పేరున్న వరుసలో రీప్లే_ఎల్‌ఎస్‌ఎన్ దాన్ని అందుకునేదాకా ఆగండి. అప్పుడే డేటా పోల్చండి.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. పబ్లికేషన్‌కు కొత్త టేబుల్ చేర్చి, సబ్‌స్క్రైబర్‌లో ఆల్టర్ సబ్‌స్క్రిప్షన్ రిఫ్రెష్ పబ్లికేషన్ నడపడం మరిచిపోతే ఆ టేబుల్‌కు అసలు వరుసే ఉండదు. "ఇంకా పూర్తికానివి సున్నా" అనే షరతు వెంటనే నిజమైపోయి టెస్ట్ ముందుకు వెళ్లిపోతుంది. అందుకని మొత్తం వరుసలు మీరు అనుకున్నన్ని ఉన్నాయా అని కూడా అదే క్వెరీలో చూడండి.

పోస్ట్‌గ్రెస్ సోర్స్‌లో సబ్‌స్క్రిప్షన్ టెస్టుల ఫోల్డర్‌లో 004_సింక్ అనే పెర్ల్ ఫైల్ టేబుల్ సింక్‌నే పరీక్షిస్తుంది. నడపాలంటే ట్యాప్ టెస్టులు ఎనేబుల్ చేసి కంపైల్ చేయాలి, పెర్ల్‌లో ఐపీసీ రన్ మాడ్యూల్ ఉండాలి. మీ టెస్ట్ రాసేముందు దాన్ని ఒకసారి చదవండి.

ప్రశ్న: టేబుల్ గంట నుంచి డి స్థితిలో ఉంది. పీజీ_స్టాట్_ప్రోగ్రెస్_కాపీ ఖాళీ. నెట్‌వర్క్‌లో డేటా కదలడం లేదు. లాగ్‌లో ఎర్రర్ కూడా లేదు. ఏం జరుగుతోంది? (విజయవాడ)

డి అంటే కాపీ నడుస్తోందని కాదు, వర్కర్ పని మొదలుపెట్టిందని మాత్రమే. ఎర్రర్ లేదంటున్నారు కాబట్టి ఎక్కువగా అనుమానించాల్సింది పబ్లిషర్‌లో తెరిచి ఉన్న రాత ట్రాన్సాక్షన్. స్లాట్ తయారుకావాలంటే అప్పటికే నడుస్తున్న రాత ట్రాన్సాక్షన్లన్నీ ముగియాలి, అవి అదే క్లస్టర్‌లోని వేరే డేటాబేస్‌లో ఉన్నా సరే. ఎవరో అప్‌డేట్ కొట్టి కమిట్ చేయకుండా సెషన్ వదిలేసి వెళ్లి ఉంటారు. పబ్లిషర్ లాగ్‌లో ట్రాన్సాక్షన్లు ముగియాలని ఎదురుచూస్తున్నట్టు ఒక వాక్యం ఉంటుంది. పీజీ_స్టాట్_యాక్టివిటీలో బ్యాకెండ్_ఎక్స్‌ఐడీ ఉన్నవాటిని ఎక్స్ఆక్ట్_స్టార్ట్ క్రమంలో చూస్తే పాతది పైన దొరుకుతుంది. దాన్ని ముగిస్తే కాపీ క్షణాల్లో మొదలవుతుంది.

పబ్లిషర్‌లో ఏమీ లేకపోతే సబ్‌స్క్రైబర్‌లో ఆ టేబుల్ మీద ఇండెక్స్ తయారీలాంటి లాక్ ఉందేమో చూడండి. ఐ స్థితి దగ్గరే ఆగితే కథ వేరు, వర్కర్ లేవలేదన్నమాట. మ్యాక్స్_లాజికల్_రెప్లికేషన్_వర్కర్స్ డిఫాల్ట్ 4, అందులో ప్రతి సబ్‌స్క్రిప్షన్ అప్లై వర్కర్‌కూ ఒకటి పోతుంది. ఒక్కో సబ్‌స్క్రిప్షన్‌కు ఒకేసారి లేచే సింక్ వర్కర్లు డిఫాల్ట్‌గా 2. వందల టేబుళ్లుంటే మిగతావి ఐలో క్యూ కట్టడం మామూలే.

ప్రశ్న: టెస్ట్ సబ్‌స్క్రైబర్ మెషీన్‌ను డ్రాప్ సబ్‌స్క్రిప్షన్ చేయకుండానే తీసేశాం. రెండు రోజులకు పబ్లిషర్ డిస్క్ నిండింది. (వరంగల్)

స్లాట్లు మిగిలిపోయాయి. ఎవరూ చదవని స్లాట్ కోసం పబ్లిషర్ వాల్ ఫైళ్లను (మార్పుల లాగ్) దాచిపెడుతూనే ఉంటుంది. పీజీ_రెప్లికేషన్_స్లాట్స్‌లో యాక్టివ్ కానివి చూడండి. సబ్‌స్క్రిప్షన్ పేరుతో ఉన్నది ఒకటే కాదు, పేరు పీజీతో మొదలై మధ్యలో సింక్ అని ఉన్నవి కూడా ఉండవచ్చు. కాపీ మధ్యలో మెషీన్ పోతే మిగిలేవి అవే. అవి నిజంగా ఆ మెషీన్‌వేనని నిర్ధారించుకుని పీజీ_డ్రాప్_రెప్లికేషన్_స్లాట్‌తో తీసేయండి. టెస్ట్ పబ్లిషర్‌లో మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్‌కు 10 జీబీలాంటి హద్దు పెట్టండి. హద్దు దాటితే స్లాట్ పనికిరాకుండా పోతుంది, డిస్క్ మాత్రం మిగులుతుంది. మీ టెస్ట్ చివర్లో పబ్లిషర్ స్లాట్ల సంఖ్య మొదట్లో ఉన్నంతే ఉందా అనే తనిఖీ కూడా చేర్చండి.

ప్రశ్న: సింక్ టెస్టులన్నీ పాసయ్యాయి. కొత్త సర్వర్‌కి అప్లికేషన్ మార్చగానే మొదటి ఇన్సర్ట్‌కే డూప్లికేట్ కీ ఎర్రర్. (విశాఖపట్నం)

సీక్వెన్సులు, అంటే కొత్త ఐడీలను వరుసగా ఇచ్చే కౌంటర్లు. వెర్షన్ 18 వరకు లాజికల్ రెప్లికేషన్ సీక్వెన్స్ విలువలను తీసుకెళ్లదు. టేబుల్‌లో ఐడీలు లక్షల్లో ఉంటాయి, సబ్‌స్క్రైబర్ సీక్వెన్స్ ఇంకా 1 దగ్గరే ఉంటుంది. పాత సర్వర్‌లో రాతలు ఆపాక, అప్లికేషన్ మార్చేముందు ప్రతి సీక్వెన్స్‌కూ సెట్‌వాల్ నడపండి. పాత విలువకు కొంత జోడించి, వెయ్యి అనుకోండి, పెట్టడం క్షేమం. తరవాత టెస్టులోనే కొత్త సర్వర్‌లో ఐడీ ఇవ్వకుండా ఒక రికార్డు ఇన్సర్ట్ చేసి, రోల్‌బ్యాక్ చేసి చూడండి.