పనస కర్రతో ఎలక్ట్రిక్ గిటార్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: గొల్లపల్లిలో వీణలకు వాడే పనస కర్ర మాకు తేలిగ్గా దొరుకుతుంది. దాంతో ఇంట్లోనే ఎలక్ట్రిక్ గిటార్ చేసుకోవచ్చా? వీణ తీగలే వేస్తే పలుకుతుందా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: బాడీకి పనస భేషుగ్గా ఉంటుంది. ఉలికి లొంగుతుంది, నునుపు తేలుతుంది. చూసుకోవాల్సింది బరువు. వీణ కుండను తొలిచేస్తారు, గిటార్ బాడీ మాత్రం 45 మి.మీ. మందాన నిండు దిమ్మ. మెడకు పట్టీ తగిలించుకుని గంటసేపు వాయించాలంటే 40 మి.మీ.కి చిత్రిక పట్టండి. పచ్చి కర్ర జోలికి పోవద్దు. వానలు వెలిసాక ముక్కను నీడలో ఉంచి వారానికోసారి తూచండి. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే ఆరినట్టే.

నెక్‌కు, అంటే వీణ దండిలాంటి పొడవాటి భాగానికి, పనస వద్దనే చెబుతాం. 10–46 సెట్టులో (సన్న తీగ 0.010, లావు తీగ 0.046 అంగుళం) ఆరు తీగలూ కలిసి సుమారు 45 కిలోల బలంతో లాగుతాయి. పాత ద్వారబంధాల టేకులో నార తిన్నగా సాగిన ముక్క ఏరుకోండి. లోపల ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా ఆపే కడ్డీ) తప్పనిసరి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు రాసే ముందు అసిటోన్‌తో తుడవకపోతే ఫింగర్‌బోర్డు (నెక్ మీద మెట్లు పొదిగే పలక) ఊడివస్తుంది.

వీణ తీగల సెట్టు వద్దు. తీగల కింద ఉండే పికప్‌లోని అయస్కాంతం ముందు ఉక్కు తీగ కదిలితేనే చుట్టలో కరెంటు పుడుతుంది. వీణ సెట్టులోని ఇత్తడి తీగను ఎంత మీటినా యాంప్లిఫయర్‌ (యాంప్)లో వినబడదు.

ప్రశ్న: తీగలు విడిగా శ్రుతిలోనే ఉన్నాయి, ఫ్రెట్ (మెట్టు) దగ్గర నొక్కితే అపస్వరం. ఫ్రెట్లకు టేపుతో కొలిచే గాట్లు పెట్టాను.
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: ముందు కొత్త తీగలు వేసి చూడండి. అపస్వరం మొదటి మూడు ఫ్రెట్లలోనే ఉంటే దోషం నట్‌ది (నెక్ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ). గాడి లోతు చాలక తీగ ఎత్తులో ఉంది, నొక్కినప్పుడు సాగి స్వరం హెచ్చుతోంది. రెండు, మూడు ఫ్రెట్ల మధ్య తీగను నొక్కిపట్టండి. మొదటి ఫ్రెట్ మీద కాగితం దూరేటంత సందు మిగిలితే చాలు. అంతకు మించితే సన్నటి ఆకురాయితో కొద్దికొద్దిగా గాడి దించండి.

పైకి వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంటే బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) సరిచేయాలి. 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరాన్ని అక్కడి హార్మోనిక్‌తో (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) పోల్చండి. నొక్కినది హెచ్చితే సాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనక్కి, తగ్గితే ముందుకు. లావు తీగకు ఎక్కువ దూరం కావాలి.

ఏ ఫ్రెట్‌కు ఆ ఫ్రెట్ వేరువేరుగా తప్పుతుంటే గాట్లే తప్పు. ఫింగర్‌బోర్డు మార్చడం తప్ప దారి లేదు. 648 మి.మీ. తీగ పొడవును (నట్ నుంచి బ్రిడ్జి దాకా) 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ 36.37, మిగిలిన పొడవును మళ్లీ భాగిస్తే రెండోది నట్ నుంచి 70.70, ఇలా 12వది 324 దగ్గరికి రావాలి. లెక్క ఎలా కట్టినా గుర్తులన్నీ నట్ నుంచే ఉక్కు స్కేలుతో పెట్టండి. ఒక ఫ్రెట్ నుంచి ఇంకోదానికి కొలుచుకుంటూ పోతే అర మి.మీ. తప్పులు పోగుపడతాయి.

ప్రశ్న: యాంప్ పెట్టగానే గుయ్యిమని రొద. తీగ ముట్టుకుంటే తగ్గుతోంది.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తగ్గుతోందంటే బ్రిడ్జికి గ్రౌండ్ వైరు అందుతోంది, బయటి విద్యుత్ రొదను ఆపే రేకు కవచమే (షీల్డింగ్) లేదు. పికప్ గుంట, కంట్రోల్ గుంట లోపల రాగి రేకు టేపు అతికించి గ్రౌండ్‌కు టంకం వేయండి. సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న) పికప్ అయితే కొంత 50 హెర్ట్జ్ రొద మిగులుతుంది, ట్యూబ్‌లైటుకు దూరంగా జరగండి. ఒకటి మాత్రం మరవద్దు: తీగలు యాంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఇంటి సాకెట్లో ఎర్త్ సరిగా లేకపోతే షాక్ ప్రాణం మీదికి రావచ్చు. వాయించే ముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.