థేమ్స్ ఒడ్డున రాయడం నేర్చుకుంటున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన లండన్ వ్యాసం చదివాను. ఒక్క శనివారంలో బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, టేట్ మోడర్న్, థేమ్స్ గట్టు, టవర్ బ్రిడ్జి అన్నీ చుట్టేశావు. పేర్లన్నీ ఉన్నాయి గానీ చదివేవాడి కళ్ల ముందు ఏదీ నిలబడలేదు. నీ తెలుగులో లోపం లేదు, చూసిన తీరులో ఉంది. ఫీజూ అద్దే పోగా చేతిలో పెద్దగా మిగలదనీ, అందుకే ఊరికే చూడగలిగినవన్నీ ఒకే రోజు చూసేస్తున్నాననీ రాశావు. తేడా అక్కడే వచ్చింది.

డబ్బు పెట్టి టికెట్టు కొన్నవాడు ఆ డబ్బు గిట్టుబాటు కావాలని మూడు గంటలు తిరుగుతాడు. నీకు ఆ బెంగ అక్కర్లేదు. ఒక్క శిల్పం ముందు ఇరవై నిమిషాలు నిలబడి బయటికి వచ్చెయ్యొచ్చు, వచ్చే వారం మళ్లీ దాని దగ్గరికే వెళ్లొచ్చు. రాసేవాడికి ఇంతకు మించిన సదుపాయం ఇంకోటి లేదు. బ్రిటిష్ మ్యూజియం 1759లో తలుపులు తెరిచినప్పుడే ప్రవేశం ఉచితం. టికెట్టు పెట్టిన మిగతా జాతీయ మ్యూజియాలు 2001 డిసెంబరు కల్లా దాన్ని ఎత్తేశాయి. డబ్బు అడిగేది ప్రత్యేక ప్రదర్శనలకే, వాటిని ప్రస్తుతానికి వదిలెయ్. గుమ్మం దగ్గర విరాళాల పెట్టె ఉంటుంది. వెయ్యకపోయినా ఎవరూ ఏమీ అనరు కాబట్టి మొహమాటపడి ఆ రోజు భోజనం డబ్బు అందులో వెయ్యకు. ఉద్యోగం వచ్చాక వేద్దువుగాని.

వెళ్లాల్సింది శుక్రవారం సాయంత్రం. బ్రిటిష్ మ్యూజియం ఆ రోజు ఎనిమిదిన్నర దాకా, నేషనల్ గ్యాలరీ తొమ్మిది దాకా, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం పది దాకా తెరిచి ఉంటాయి. ఆరు దాటితే బడి పిల్లలూ టూరు గుంపులూ ఉండవు. మూసేవేళకి పది పదిహేను నిమిషాల ముందే గదులు ఖాళీ చేయిస్తారు, నీ ఇరవై నిమిషాలు దానికి ముందే అయిపోయేలా చూసుకో. పెద్ద సూట్‌కేసుల్ని లోపలికి రానివ్వరు. చిన్న సంచీ అయితే తనిఖీ తొందరగా తెములుతుంది. బ్రిటిష్ మ్యూజియానికి గ్రేట్ రస్సెల్ స్ట్రీట్ వైపు ముఖద్వారం దగ్గర క్యూ ఎక్కువ. మాంటేగ్ ప్లేస్ వైపు వెనక గుమ్మం చాలాసార్లు ఖాళీగా ఉంటుంది, నువ్వు చూడాల్సిన గదికి అదే దగ్గర కూడా.

ఆ గది నంబరు 33ఎ. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. నీ వ్యాసంలో వాటి ఊసే లేదు. రాళ్లను తేమ నుంచి కాపాడటానికి గదిని అద్దాలతో వేరుచేశారు. అప్పుడప్పుడు మూసి ఉంచుతారు కూడా, బయల్దేరే ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో ఓసారి చూసుకో. వీటిని అమరావతి మార్బుల్స్ అంటారు గానీ చలువరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకెంజీ అమరావతి వెళ్లేసరికే ఆ స్తూపపు దిబ్బని తవ్వి రాళ్లను కట్టడాలకు తీసుకుపోతున్నారు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో లండన్‌కి ఓడెక్కాయి. బ్రిటిష్ మ్యూజియానికి చేరింది 1880లో. మిగిలినవాటిలో పెద్ద భాగం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. ఈ దారంతా తెలిశాక రాయి మీద అరిగిపోయిన ముఖాన్ని చూసి 'కాలం చెరిపేసింది' అని రాయలేవు. ఎంత భాగం గాలీ వానా అరగదీశాయి, ఎంత మనుషులు పాడుచేశారు అని ఆలోచిస్తావు.

అన్నిట్లోకీ ఒక ఫలకాన్ని ఎంచుకో. దాదాపు నాలుగడుగుల ఎత్తు, రెండు వైపులా చెక్కినది. ఒక వైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, ముందు పాదముద్రలు, చుట్టూ మొక్కుతున్న జనం. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని కాలం అది, క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం. రెండో వైపు నిండా స్తూపమే. ప్రాకారం, ద్వారం పక్కన స్తంభాల మీద సింహాలు, అండం (స్తూపపు గుమ్మటం) మీద దండలు, ద్వారంలో నిలబడిన బుద్ధుడు. ఇది క్రీస్తుశకం మూడో శతాబ్దపు పని. అంటే కొన్ని వందల ఏళ్ల తర్వాత ఎవరో పాత రాయిని తిప్పి, వెనక వైపు కొత్తగా చెక్కారు.

దీన్ని చూడటానికి ఒక పద్ధతి చెబుతాను. మొదటి ఐదు నిమిషాలు పక్కనున్న వివరణ చదవకు. పెన్సిలుతో కనిపించింది కనిపించినట్టు రాసుకో. ఎంతమంది మనుషులున్నారు, చేతులు ఎలా పెట్టుకున్నారు, ఉలి ఎక్కడ లోతుగా దిగింది, ఎక్కడ పైపైన పోయింది, అంచు ఎక్కడ విరిగింది. తర్వాతి ఐదు నిమిషాలు రెండో వైపు. అప్పుడు వివరణ చదివి, అది చెప్పనిదేమైనా నీకు కనిపించిందేమో చూసుకో. నీ వ్యాసం పుట్టేది ఆ తేడాలోంచే. ఫొటో తీసుకోవాలంటే వివరణ పలకది తీసుకో, పేర్లూ తేదీలూ తప్పు పోకుండా ఉంటాయి. శిల్పాన్ని మాత్రం ఫోనుకి అప్పగించకు. ఫొటో ఉందిలే అనుకున్న క్షణం నుంచి కన్ను పని మానేస్తుంది.

ఇక నది. థేమ్స్ గురించి నీ వాక్యం 'ప్రశాంతంగా సముద్రం వైపు సాగిపోతోంది' అని. నువ్వు ఏ గంటకు చూశావో రాయలేదు కాబట్టి అది తప్పై ఉండటానికీ అంతే అవకాశం ఉంది. నగరం మధ్యలో థేమ్స్ ఆటుపోట్ల నది. సముద్రపు పోటు పడమరగా టెడింగ్టన్ లాకుల దాకా ఎక్కుతుంది. లండన్ బ్రిడ్జి దగ్గర నీటిమట్టం ఏడు మీటర్ల దాకా పెరిగి తగ్గుతుంది, రోజుకి రెండుసార్లు. పోటు ఎక్కుతున్నప్పుడు నీరు సముద్రం నుంచి నగరంలోకి, అంటే వెనక్కి పారుతుంది. యానాం వైపు గౌతమిని ఎరిగినవాళ్లకి ఇది వింత కాదు, ఎగువ గట్ల మీద పెరిగినవాళ్లే పొరబడతారు. నీరు ఎటు పోతోందో తెలుసుకోవాలంటే వంతెన కాళ్లను చూడు. ఏ వైపు నీరు ఒరుసుకుని ఉబ్బుతోందో అటు నుంచి వస్తోంది, వెనక వైపు సుళ్లు తిరుగుతుంది. లంగరేసిన పడవలు కూడా పోటుకీ ఆటుకీ దిశ మార్చుకుంటాయి. పోటు వేళలు పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పట్టికలో దొరుకుతాయి. ఈ రోజు వేళకి సుమారు యాభై నిమిషాలు కలిపితే రేపటిది వస్తుంది. ఒకే చోటుకి ఒకసారి నిండు పోటులో, ఒకసారి పూర్తి ఆటులో వెళ్లు. మొదటిసారి గోడకు తగిలే నీరు కనిపిస్తుంది. రెండోసారి ఆ గోడ మీద పచ్చటి నాచు గీత, దాని కింద మెట్లు, ఇసుక, ఇటుక ముక్కలు బయటపడతాయి.

ఆ ఇసుకలోకి దిగాలని అనిపిస్తుంది, జాగ్రత్త. మెట్ల మీద నాచు విపరీతంగా జారుతుంది. పోటు మొదలైతే నీరు చూస్తుండగానే మెట్లను ముంచేసి వెనక్కి దారి లేకుండా చేస్తుంది. అక్కడ ఏదైనా వెతకాలన్నా తీసుకోవాలన్నా పోర్ట్ అథారిటీ పర్మిట్ ఉండాలి. పాత పొగాకు పైపు ముక్క దొరికిందని సంచిలో వేసుకుంటే అది నేరం. గట్టు మీద నుంచే చూడు.

నడకకి వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జి నుంచి టవర్ బ్రిడ్జి దాకా దక్షిణపు ఒడ్డు తీసుకో. నాలుగు కిలోమీటర్లు. ఆగకుండా నడిస్తే గంట, రాసుకుంటూ నడిస్తే మూడు గంటలు. ఉత్తరపు ఒడ్డున ఎంబాంక్‌మెంట్ పొడవునా కార్ల రొద పక్కనే ఉంటుంది, దక్షిణాన చాలావరకు నడిచేవాళ్లదే రాజ్యం. తూర్పుకి నడిస్తే సాయంత్రపు ఎండ వీపు మీద పడుతుంది, సెయింట్ పాల్స్ గుమ్మటం పడమటి వెలుగులో కనిపిస్తుంది. గాలి కూడా ఎక్కువ రోజులు నైరుతి నుంచే, కాబట్టి వెనక నుంచి తోస్తుంది. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది, జూన్‌లో తొమ్మిది దాటాక. క్లాసు అయ్యాక వెళదామనుకుంటే శీతాకాలంలో చీకటి తప్ప ఏమీ దొరకదు.

దారిలో ఆగాల్సినవి చాలా ఉన్నా అన్నిట్లోకీ దూరకు. వాటర్లూ బ్రిడ్జి కింద పాత పుస్తకాల బల్లలుంటాయి, వాన పడినా వంతెన గొడుగు పడుతుంది. రాయల్ ఫెస్టివల్ హాల్ ఐదో అంతస్తులో నేషనల్ పొయెట్రీ లైబ్రరీ ఉంది. 1953లో మొదలైంది, అడుగుపెట్టడానికి డబ్బక్కర్లేదు, ప్రపంచ భాషల కవిత్వం అనువాదాల్లో దొరుకుతుంది. అన్ని రోజులూ తెరవరు, వేళలు ముందే కనుక్కో. నేషనల్ థియేటర్ లాబీలో టికెట్టు లేకపోయినా కూర్చుని రాసుకోవచ్చు. అక్కడా, టేట్ మోడర్న్‌లోనూ టాయిలెట్లకు డబ్బు తీసుకోరు. మూడు గంటల నడకకి ఇది తెలియడం ముఖ్యం.

టేట్ ముందున్న మిలీనియం బ్రిడ్జి గురించి నువ్వు 'అందమైన వంతెన' అని వదిలేశావు. అది 2000 జూన్ 10న తెరుచుకుంది, రెండు రోజుల్లో మూతపడింది. జనం నడుస్తుంటే పక్కకి కొద్దిగా ఊగింది. ఊగే నేల మీద పడిపోకుండా ఉండటానికి అందరూ తెలియకుండానే ఒకే లయలో అడుగులు వేశారు, దాంతో ఊగడం ఇంకా పెరిగింది. కింద ఊపుని అణిచే డంపర్లు బిగించి 2002 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. ఇప్పుడు మధ్యలో నిలబడి నడిచేవాళ్ల పాదాలను చూడు. ఎవరి అడుగు వాళ్లదిగా ఉందో, రెండు అడుగులు ఎప్పుడు కలుస్తున్నాయో చూస్తూ రాస్తే, 'అందమైన' అనే మాట దానంతట అదే రాలిపోతుంది.

ఇంకొంచెం ముందుకెళితే సౌత్‌వార్క్ బ్రిడ్జి కింద సొరంగంలాంటి నడక దారి. గోడకి పలక రాళ్ల మీద గడ్డకట్టిన నది మీది సంతను చెక్కి పెట్టారు. జనం హడావుడిగా దాటిపోతారు, నువ్వు ఆగు. పాత లండన్ బ్రిడ్జికి ఇరుకు ఖానాలు ఎక్కువ. అవి నీటిని ఆనకట్టలా అడ్డుకునేవి, ఎగువన నీరు మందగించి గట్టి చలికాలాల్లో గడ్డకట్టేది. నది మీద చివరి సంత 1814లో జరిగింది. 1831లో ఆ వంతెన తీసేశారు, తర్వాత గట్లు కట్టి నదిని ఇరుకు చేశారు, నీటికి వేగం వచ్చింది. చలి ఒక్కటే కారణమనుకుని రాసేవాళ్లున్నారు, నువ్వు వంతెన సంగతీ రాయి. అక్కడి నుంచి దారి నదిని వదిలి క్లింక్ స్ట్రీట్‌లోకి తిరుగుతుంది. కొత్తవాళ్లు దారి తప్పేది ఇక్కడే. సౌత్‌వార్క్ కెథెడ్రల్ శిఖరం వైపు వెళితే లండన్ బ్రిడ్జి దాటి మళ్లీ ఒడ్డుకి చేరతావు. టవర్ బ్రిడ్జి ఎప్పుడు తెరుచుకుంటుందో ముందుగానే ప్రకటిస్తారు, ఆ వేళకి చేరేలా బయల్దేరు. తిరుగు ప్రయాణం బస్సులో. మొదటి బస్సులో కార్డు తాకించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ చార్జీ పడదు. పై అంతస్తులో ముందు సీటు దొరికితే అక్కడే చిత్తుప్రతి మొదలుపెట్టు, ఇంటికెళ్లి రాద్దామంటే సగం పోతుంది.

ప్రతి నదినీ చూసి గోదావరి గుర్తొచ్చిందని రాయడం మానుకో. మన ఊరిని తెచ్చుకోవాలంటే నిజమైన ముడి ఉన్నచోట తెచ్చుకో. అమరావతి రాయి అలాంటి ముడి. ఇంకోటి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. కడపలోనూ బందరులోనూ రాజమండ్రిలోనూ ఉద్యోగం చేసి, తెలుగు తాళపత్రాలు పోగుచేయించి, నిఘంటువు వేసిన మనిషి 1865 నుంచి యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో తెలుగు ప్రొఫెసర్. ఆ కాలేజీ బ్రిటిష్ మ్యూజియం నుంచి పదిహేను నిమిషాల నడకలోపే. 1884 డిసెంబరు 12న లండన్‌లోనే పోయాడు, సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. పాడింగ్టన్ దగ్గర లిటిల్ వెనిస్ నుంచి గ్రాండ్ యూనియన్ కాలువ గట్టు పట్టుకుని పడమరగా నడిస్తే కాలువ ఆ శ్మశానం గోడ పక్క నుంచే పోతుంది. లోపల 72 ఎకరాలు. సమాధి నంబరు తెలియకుండా వెతికితే పొద్దు గడిచిపోతుంది, ముందే ఆఫీసులో అడిగి పెట్టుకో. శిలాఫలకం మీద అక్షరాలు ఏమున్నాయో ఉన్నవి ఉన్నట్టు, విరామ చిహ్నాలతో సహా రాసుకో.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. పాత వ్యాసం దిద్దకు, పక్కన పెట్టెయ్. వచ్చే శుక్రవారం ఆ అమరావతి ఫలకం ఒక్కటీ, లేదా మిలీనియం బ్రిడ్జి ఒక్కటీ. రెండూ ఒకే రోజు వద్దు. మూడు వారాలు అదే చోటుకి వెళ్లు, ప్రతిసారీ తేదీ, గంట, వెలుగు ఎటు నుంచి పడుతోంది, బ్రిడ్జి అయితే నీరు ఎటు పోతోంది అన్నవి పేజీ పైన రాసుకో. మూడో వారం తర్వాత నాలుగు వందల మాటల్లో రాయి. అందం, అద్భుతం, ప్రశాంతత అనే మాటలు వాడకు. కొట్టివేతలు చెరపకుండా నోటుబుక్కు పేజీలు కూడా ఫొటో తీసి పంపు. ఏది తీసేశావో చూస్తే, నీకు ఏం చెప్పాలో నాకు తెలుస్తుంది.

నీ శ్రేయోభిలాషి