సగం కథను జనంలో పెట్టబోతున్న మా బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

నీ నవల ఆరు భాగాలూ రెండు రాత్రులు కూర్చుని చదివాను. "ఇంకా పూర్తి కాలేదు పెద్దమ్మా, ప్రతిలిపి కథల యాప్‌లో పెట్టొచ్చా?" అని అడిగావు.

పెట్టు. పూర్తయ్యేదాకా ఆగితే నీ భయానికి అది బీరువాలోనే ఉండిపోతుంది. కానీ ముందు ఒక్క పని చెయ్యి. చివరికి ఏమవుతుందో నాలుగు వాక్యాలు నోట్‌బుక్‌లో రాసుకో. ఎవరికీ చూపించకు, నాకు కూడా.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను ఆ పని చెయ్యలేదు. రిటైరైన కొత్తలో ఫేస్‌బుక్‌లో సీరియల్ మొదలుపెట్టాను. బీడీలు చుట్టే తల్లి, ఇల్లు వదిలి వెళ్ళిపోయిన కూతురు. పదకొండో భాగం నుంచి "ఆ పిల్లకు పెళ్ళి చెయ్యండి మేడమ్", "తల్లిని మాత్రం చంపొద్దు" అని రాయసాగారు. లైకులు చూసి నాకూ ఊపొచ్చింది, వాళ్ళడిగినట్టల్లా కథ తిప్పాను. పద్దెనిమిదో భాగానికి వచ్చేసరికి ఆ పిల్ల అసలు ఇల్లు ఎందుకు వదిలిందో నాకే తెలియకుండా పోయింది. చెప్పాపెట్టకుండా ఆపేశాను. సిరిసిల్ల నుంచి ఒకావిడ మాత్రం నెలకోసారి అడిగేది: "అమ్మా, ఆ పిల్ల ఇల్లు చేరిందా?" నిన్నటిదాకా ఆమెకు జవాబివ్వలేదు.

ఐలోని మల్లన్న జాతరకు నిన్ను ఎత్తుకుని పోయిన ఏడు, తెల్లవార్లూ ఒగ్గు కథ విన్నాం. నువ్వు నిద్రపోయావులే. కథ చెప్పే ఆయనకు మల్లన్న కథ మొత్తం నోటికొచ్చు. అయినా ఆయన కళ్ళు జనం మీదే ఉన్నాయి. ముందు కూర్చున్న ముసలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటే డోలు తగ్గించి, అదే చోటును మళ్ళీ మెల్లగా పాడాడు. వెనక పిల్లలు ఆవలిస్తే పక్కనున్నాయన ఒక నవ్వు మాట అందుకున్నాడు. కథ ఎటు పోవాలని మాత్రం ఎవరినీ అడగలేదు. నువ్వూ కామెంట్లను అట్లనే చూడు. "ఇక్కడ అర్థం కాలేదు" అని ఇద్దరు రాస్తే ఆ చోటు సరిచెయ్యి. "ఇక్కడ ఏడ్చాను" అంటే అక్కడ ఇంకాసేపు నిలబడు. "వాళ్ళిద్దర్నీ కలపండి" అంటే థ్యాంక్స్ చెప్పి ఊరుకో.

ఆరు భాగాలూ ఒకేసారి పెట్టెయ్యకు. వారానికొకటి, శనివారం రాత్రి అన్నావంటే శనివారం రాత్రే. చేతిలో ఎప్పుడూ మూడు భాగాలు మిగిలుంటే పరీక్షలొచ్చినా టెన్షన్ ఉండదు. మనుషుల వయసులు, గుర్తులు కూడా నోట్‌బుక్‌లో ఎక్కించు. రెండో భాగంలో నాయనమ్మకు ఎడమ కంట్లో పువ్వు అన్నావు, ఐదో భాగంలో అది కుడి కంటికి పోయింది. చదివేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

పత్రికల పోటీకి పంపాలనుకున్న కథను మాత్రం ఎక్కడా పెట్టకు, వాట్సాప్ గ్రూపులో కూడా. ఇదివరకు ఎక్కడా రాలేదని చాలా పోటీలకు హామీపత్రం ఇవ్వాలి. ఎవరైనా ఎత్తుకుపోతారని భయమా? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన నాటి నుంచే హక్కు నీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఎప్పుడు రాశావో చూపించడానికి ప్రతి భాగాన్నీ పెట్టే ముందు నీ మెయిల్‌కే పంపుకో. నిన్నడగకుండా ఎవరైనా యూట్యూబ్‌లో చదివి పెడితే స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపు, ఇద్దరం కూర్చుని ఫిర్యాదు పెడదాం.

మధ్యలో ఆగిపోతే "రెండు నెలలు ఆగండి" అనో, "ఇది ఇక రాయలేను" అనో రెండు లైన్లు రాయి. నాలాగా మాయమైపోకు బిడ్డా. ఎదురుచూసేవాళ్ళుంటారు.

నిన్న ఈ ఉత్తరం సగంలో ఆపి సిరిసిల్ల ఆవిడకు మెసేజ్ పెట్టాను. ఆ పిల్ల ఇంకా చేరలేదమ్మా, ఎందుకు చేరలేదో రాస్తానని. ఆదివారం వచ్చేటప్పుడు నీ ఏడో భాగం తీసుకురా. నా పంతొమ్మిదోది మొదలుపెట్టి ఉంచుతాను.

మీ పెద్దమ్మ