రక్కబోయే ముందు పిల్లి ఎలా ఉంటుందో గీయాలి

అమ్మాయికి ఆశీస్సులు.

చెన్నై మైలాపూరులోని పెంపుడు జంతువుల క్లినిక్ గోడకు పెట్టే చార్టు కోసం నువ్వు పంపిన చిత్తు బొమ్మలు చూశాను. గీత చక్కగా ఉంది. కానీ వెన్ను విల్లులా వంచి, బొచ్చు లేపి, కోరలు చూపే పిల్లికి సగం కాగితం ఇచ్చేశావు. అది భయపడిందని పసివాడికైనా తెలుస్తుంది. పెంచుకునేవాళ్లు గమనించనిది అంతకు ముందు జరిగేది. ఒళ్లో నిమిరించుకుంటున్న పిల్లి ఉన్నట్టుండి రక్కిందంటారు. అంతకు ముందే దాని తోక కొస కొట్టుకుంటుంది, వీపు మీద చర్మం జలదరిస్తుంది, చెవులు పక్కలకు తిరుగుతాయి, తల చేతి వైపు మళ్లుతుంది. ఆ సగం కాగితం ఈ నాలుగింటికీ ఇవ్వు.

అన్ని గడుల్లోనూ అదే పిల్లి, అదే కోణం ఉండాలి. గడికి ఒక్క భాగమే మార్చు, దానికే రంగు వెయ్యి, తక్కినదంతా బూడిదరంగులో వదిలెయ్. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వాళ్లుంటారు కాబట్టి నారింజ, నీలం వాడు.

చెవుల దగ్గరే చాలామంది బొమ్మలు తప్పుతాయి. పక్కలకు వాలి చదునైతే భయం. వెనక్కి మెలితిరిగి, ఎదురుగా చూసేవాళ్లకు చెవి వీపు కనబడితే కోపం. ఈ తేడా బాగా తెలియాలంటే అన్ని గడుల్లోనూ ముఖాన్ని కాస్త పక్కకు తిప్పి గీయి. కనుపాప ఒక్కదాన్నే నమ్ముకోకు. భయంలోనూ, ఆటలోనూ, మసక వెలుతురులోనూ అది పెద్దదవుతుంది. మూతికి మనిషి నవ్వు మాత్రం పెట్టొద్దమ్మా. తోక నిటారుగా ఎత్తి, కొస కొంచెం వంచి ఎదురొస్తే అదే పలకరింపు. పొట్ట చూపిస్తే నిమరమని కాదు, ఆ గడిలో చెయ్యి గీసి అడ్డంగా కొట్టెయ్.

నొప్పికి వేరే గడి కావాలి. పిల్లి ముఖం చూసి నొప్పిని అంచనా వేయడానికి మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ప్రచురించిన కొలమానంలో చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల అని ఐదు అంశాలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు. మార్కులు వేయడం డాక్టరు పని, నీ చార్టులో వద్దు. హాయిగా ఉన్న పిల్లీ, నొప్పితో ఉన్న పిల్లీ రెండూ కళ్లు సగం మూస్తాయి, వాటిని పక్కపక్కనే గీయి. రెండోదాని మూతి బిగుసుకుని ఉంటుంది, తల భుజాల కంటే కిందికి దిగుతుంది, చెవులు ఒకదానికొకటి ఎడమవుతాయి.

తెలుగు వరుసల మధ్య వత్తులకు చోటు వదులు, తమిళానికి సరిపెట్టిన ఎడం చాలదు. ఐదారు అడుగుల నుంచి చదవాలంటే అక్షరం సెంటీమీటరుకు తగ్గకూడదు. అచ్చుకు ఇచ్చే ముందు రాతంతా కప్పేసి, క్లినిక్‌లో కూర్చున్న వాళ్లకు ఒక్కో గడీ చూపించు. ‘ఇదేమిటి’ అని అడగొద్దు. ‘ఇప్పుడు చెయ్యి ఉంచుతారా, తీసేస్తారా’ అని అడుగు. తడబడిన ప్రతి గడీ మళ్లీ గీయి.