అమ్మమ్మ గురించి ఐదు నిమిషాల్లో ఏం చెప్పను?

ప్రశ్న: మా అమ్మమ్మ పోయిన నెలలో కన్నుమూసింది. మొదట లెక్కల టీచరుగా, తర్వాత అదే స్కూల్లో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైంది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు సంస్మరణ సభ పెడుతున్నారు. ఇంటివాళ్ల తరఫున నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. రాయడానికి కూర్చుంటే ‘ప్రేమమూర్తి’, ‘ఆదర్శ ఉపాధ్యాయిని’ దాటి కలం కదలడం లేదు. పైగా క్లాసులో చాలా స్ట్రిక్ట్ అట. మాకేమో కథలు చదివి వినిపించే అమ్మమ్మ. స్ట్రిక్ట్ అన్న సంగతి సభలో చెప్పొచ్చా? మామయ్య మాత్రం ఉద్యోగం వివరాలన్నీ వరసగా చదవమంటున్నాడు. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఓ మనవరాలు

జవాబు: ముందుగా ఆ బిరుదులన్నీ కొట్టేయండమ్మా. ప్రేమమూర్తి అంటే ఏ ఇంటి పెద్దావిడకైనా సరిపోతుంది. మీ అమ్మమ్మగారు కళ్లముందు కనపడాలంటే ఆవిడ చేసిన పని ఒకటి చెప్పాలి. కథలు చదివేవారన్నారు కదా, ఎలా చదివేవారు? పాత్రకో గొంతు పెట్టేవారా? మంచి పట్టులో ఉండగా పుస్తకం మూసేసి ‘తర్వాత ఏమవుతుందో మీరు చెప్పండి’ అనేవారా? వేలు పెట్టి అక్షరాలు చూపించేవారా? మీకే తెలిసిన సంగతి ఇది. సభలో ఇంకెవరూ చెప్పలేరు. మీ ప్రసంగం దీనితోనే మొదలుపెట్టండి.

ఇక టీచరమ్మగా, లైబ్రేరియన్‌గా ఆవిడ ఎలా ఉండేవారో మీకంటే వాళ్ల విద్యార్థులకే బాగా తెలుసు. నలుగురైదుగురికి ఫోన్ చేయండి. ‘మా అమ్మమ్మ గురించి చెప్పండి’ అంటే మళ్లీ బిరుదులే చెబుతారు. ‘ఆవిడ మీ చేతికిచ్చిన పుస్తకం ఏది? ఎప్పుడిచ్చారు?’ అనడగండి.

ఈ ప్రశ్న నాది కాదు, ఎస్.ఆర్. రంగనాథన్‌ది అనుకోవచ్చు. ఆయనా మీ అమ్మమ్మగారిలాగే లెక్కల మాస్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెబుతూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. 1931లో అచ్చయిన ఆయన పంచసూత్రాలు మా లైబ్రేరియన్లందరికీ నోటికి వస్తాయి. పుస్తకాలున్నది వాడుకోవడానికి. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలి. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలి. పాఠకుడి సమయం వృథా కాకూడదు. గ్రంథాలయం ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది. లైబ్రేరియన్‌ని తలుచుకోవాలంటే నాకు ఆ రెండో సూత్రమే ముందు గుర్తొస్తుంది. ఏ పిల్లవాడికి ఏ పుస్తకం పనికొస్తుందో కనిపెట్టడం అందరివల్లా అయ్యే పని కాదు.

నేనూ లైబ్రరీ కౌంటర్ దగ్గరే తల నెరిసినదాన్ని కాబట్టి ఇంకో మాట. ఈ ఉద్యోగంలో చాలా పని ఎవరికీ కనపడదు. కొత్త పుస్తకం రాగానే యాక్సెషన్ రిజిస్టర్‌లో, అంటే లైబ్రరీకి వచ్చిన పుస్తకాలన్నీ రాసే పద్దులో, వరస నంబరు వేసి ఎక్కించాలి. ఆ నంబరు పుస్తకంలో వేయాలి. ముద్ర మొదటి పేజీలోనే కాదు, ఆ లైబ్రరీవాళ్లకు మాత్రమే తెలిసిన ఒక లోపలి పేజీలో కూడా వేస్తారు. మొదటి పేజీ ఎవరైనా చింపేసినా పుస్తకం ఎవరిదో తెలియాలి కదా. తర్వాత పుస్తకం తిరిగివ్వాల్సిన తేదీల చీటీ అంటించి, అట్ట అంచు మీద ఆ పుస్తకం ఏ విషయానిదో చెప్పే నంబరు రాస్తారు. విషయానికో నంబరు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో లెక్కలకు 510, పక్షులకు 598. తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం. అందుకే రోజూ అరలు సర్దుకోవాలి. వీలైతే ఆ స్కూలుకి వెళ్లి పాత పుస్తకం ఒకటి తెరిచి చూడండి. అంటించిన చీటీ మీద తేదీల ముద్రలు ఆవిడ చేత్తో వేసినవే కావచ్చు. పుస్తకాల వివరాలు రాసిపెట్టే కేటలాగ్ కార్డులు ఇంకా మిగిలుంటే ఆవిడ దస్తూరీ కూడా దొరుకుతుంది. ఫొటో తీసుకోండి.

స్ట్రిక్ట్ అన్న సంగతి తప్పకుండా చెప్పండి. సభలో కూర్చునేవాళ్లకు అది తెలిసిందే. మీరు దాటేస్తే మీరు చెప్పే మిగతాదీ నమ్మరు. దేని విషయంలో స్ట్రిక్టో కనుక్కోండి. జవాబు సరిగ్గా వచ్చినా స్టెప్పులు రాయకపోతే ఒప్పుకునేవారు కాదా? పుస్తకం మూల మడిస్తే ఊరుకునేవారు కాదా? కథ మధ్యలో మీరు లేచిపోతే ఏమనేవారు? క్లాసులో, లైబ్రరీలో, ఇంట్లో మూడుచోట్లా ఒకే అలవాటు కనపడిందంటే మీ ప్రసంగం దొరికినట్టే. ఆవిడ ముగ్గురు మనుషులు కాదు కదా!

ఒక జాగ్రత్త. ‘ఇంట్లో గొడవలతో సతమతమవుతున్నప్పుడు టీచరుగారు ఫలానా పుస్తకం ఇచ్చారు’ అని ఎవరైనా మీతో చెబితే, వాళ్లను అడగకుండా సభలో పేరు చెప్పకండి. ఎవరు ఏం చదివారన్నది లైబ్రేరియన్ బయటపెట్టకూడని విషయం. అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య 2012లో తెచ్చిన నీతి నియమావళిలోనూ పాఠకుల గోప్యత ఉంది. మీ అమ్మమ్మగారు కాపాడిన గుట్టు మీరూ కాపాడండి.

మామయ్యగారి మాట కూడా తీసెయ్యొద్దు. పుట్టిన సంవత్సరం, చదువు, ఉద్యోగం తేదీలు రికార్డులతో సరిచూసి ఒక కాగితం మీద అచ్చువేయించి అందరికీ పంచమనండి. మైకులో విన్న తేదీలు ఎవరికీ గుర్తుండవు, కాగితమైతే దాచుకుంటారు.

ఐదు నిమిషాలకు నాలుగైదు వందల మాటలు చాలు. ఇంట్లో పైకి చదివి చూసుకోండి. గొంతు పూడుకుపోయే చోట కాగితం మీద గీత పెట్టుకుని, సభలో అక్కడికి రాగానే ఆగి ఊపిరి తీసుకోండి. ఇంకో కాపీ మామయ్యగారి చేతికివ్వండి. మీవల్ల కాకపోతే ఆయన అందుకుంటారు.

ప్రశ్న: మా నాయనమ్మ కూడా టీచరే. ఆవిడ పుస్తకాలు, ఉత్తరాలు ఏం చేయాలి? అన్నీ లైబ్రరీకి ఇచ్చేద్దామంటున్నారు నాన్న.
– ఓ మనవడు

జవాబు: ఇచ్చేముందు ప్రతి పుస్తకం పేజీలు తిప్పి చూడండి. చీటీలు, ఫొటోలు, అంచుల్లో రాసుకున్న మాటలు ఉంటాయి. అలాంటివి ఇంట్లోనే ఉంచుకోండి. మిగతావాటి జాబితా రాసి, ఏవి కావాలో లైబ్రరీవాళ్లను ముందే అడగండి. సిలబస్ మారిపోయిన పాఠ్యపుస్తకాలు సాధారణంగా తీసుకోరు. ఉత్తరాలకు లామినేషన్ చేయించొద్దు, ఆ వేడికి, జిగురుకి కాగితం పాడవుతుంది, మళ్లీ విడదీయలేరు. సెల్లో టేపు కూడా వద్దు, పసుపెక్కి మరకపడుతుంది. ఎండ, తేమ తగలనిచోట పెట్టండి. ఫొటోల్లో ఎవరెవరున్నారో నాన్నగారిని ఇప్పుడే అడిగి వెనక రాసిపెట్టండి. రాయడానికి మెత్తటి పెన్సిలే వాడండి, బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే గీతలు ముందువైపుకి తేలతాయి.