గెలాక్సీ కోసం కాదు, చుక్క కోసం వెతకండి

ప్రశ్న: సార్, నా దగ్గర 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ ఉంది. 2023 మేలో ఎం101 గెలాక్సీలో సూపర్‌నోవా (పేలిపోతున్న నక్షత్రం) వచ్చిందని ఫొటోలు చూసి మేడ మీద తెగ వెతికాను. సూపర్‌నోవా సంగతి దేవుడెరుగు, గెలాక్సీయే దొరకలేదు. మళ్లీ అలాంటిది వస్తే కంటితో చూడగలనా, కెమెరా కొనాల్సిందేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కొనక్కర్లేదు. అప్పటిది కూడా మీ టెలిస్కోప్‌కి అందేదే. జపాన్‌కి చెందిన కోయిచి ఇటగాకి మే 19న దాన్ని పట్టుకున్నప్పుడు మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత) 14.9, అంటే మీకు కష్టమే (అంకె పెరిగేకొద్దీ చుక్క మసకబారుతుంది కదా), కానీ వారం తిరక్కుండానే అది 11 దాకా వెలిగింది. మంచి చీకట్లో 8 అంగుళాల అద్దం 14 దాకా చూపిస్తుంది, ఊళ్లో లైట్ల వల్ల ఒకటి రెండు పోయినా ఇంకా మిగులే.

మరెందుకు కనబడలేదంటే, మీరు ముందు గెలాక్సీని వెతికారు. ఎం101 మాగ్నిట్యూడ్ 7.9 అని రాసి ఉంటుంది, అది చూసి ఇదేం కష్టం అనుకుంటాం, కానీ ఆ వెలుగంతా దాదాపు నిండు చంద్రుడంత మేర పరుచుకుని ఉంటుంది, గ్లాసు పాలు బిందెడు నీళ్లలో కలిపేసినట్టు. వీధిలైట్ల కాంతిలో అది మాయం. సూపర్‌నోవా అలా కాదు, దాని వెలుగంతా ఒక్క చుక్కలోనే. అందుకే మేడ మీద నుంచి గెలాక్సీ ఆనవాలు కూడా లేకుండా దాంట్లో పేలిన నక్షత్రం ఒక్కటే కనబడటం మామూలే.

చోటు పట్టుకోవడానికి సప్తర్షుల తోక దగ్గర మొదలుపెట్టండి. పెళ్లిలో చూపించే అరుంధతి పక్కనున్న వసిష్ఠుడు, తోక చివర మరీచి, ఈ రెండింటికీ ధ్రువుడి వైపున త్రిభుజం కడితే మూడో మూల ఎం101. ఫైండర్‌లో (టెలిస్కోప్ మీదుండే చిన్న దుర్భిణి) వసిష్ఠుడి నుంచి, నక్షత్ర పటాల్లో 81, 83, 84, 86 అంకెలున్న నాలుగు చిన్న చుక్కలు వరసగా దారి చూపిస్తాయి, 86 దాటి ఇంకో డిగ్రీన్నర వెళితే చాలు.

అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకం) కనబడే చుక్కల్లో చాలావరకు మన పాలపుంతవే, గెలాక్సీకి అడ్డంగా ఉన్నవి. ఏది ఏదో తేలాలంటే ఆవ్సో (AAVSO, వెలుగు మారే నక్షత్రాల్ని గమనించేవాళ్ల అమెరికా సంఘం) ఉచితంగా ఇచ్చే చార్టు ప్రింటు తీసుకోండి. అందులో చుక్కల పక్కన 114, 121 అని ఉంటుంది, కంగారు పడకండి, 11.4, 12.1 అని అర్థం, దశాంశ బిందువు పెడితే దాన్నే ఇంకో నక్షత్రం అనుకుంటారని తీసేశారు. మీ డాబ్సోనియన్‌లో బొమ్మ తలకిందులు కాబట్టి చార్టునీ తలకిందులుగా పట్టుకోండి. 25 మి.మీ. ఐపీస్‌తో చోటు కుదిరాక 10 మి.మీ. పెట్టండి, బొమ్మ పెద్దదై ఆకాశం నల్లబడుతుంది, చుక్క మాత్రం నిలబడుతుంది. నేరుగా చూడొద్దు, కాస్త పక్కకి చూడండి, మసక వెలుగుని పట్టే కణాలు రెటీనా నడిమధ్యలో కన్నా దాని చుట్టూనే ఎక్కువ. అరగంట ముందు నుంచీ ఫోన్ ముట్టుకోకండి, ఇది మాత్రం ఎవరూ వినరు!

ఇంకోటి, చార్టులో సూపర్‌నోవా గుర్తు చూడకముందే మీకు కనబడిన చుక్కలన్నీ కాగితం మీద గీసేయండి. ఫలానా చోట ఉందని ముందే తెలిస్తే లేని చుక్కని కూడా మన మెదడు అక్కడ పెట్టేస్తుంది.

కనబడేది మాత్రం రంగూ హంగూ లేని తెల్లటి చుక్కే, ఫొటోల్లో మాదిరి గెలాక్సీ చేతులు ఆశించకండి. కానీ 2023 నాటిది సూర్యుడి కన్నా ఎన్నో రెట్లు బరువైన ఎర్ర మహాతార గుండె కుప్పకూలితే పుట్టిన వెలుగు, బయల్దేరి రెండు కోట్ల పది లక్షల ఏళ్లయింది. ఇలాంటి టైప్ 2 రకాలు చాలావరకు రెండు నెలలకు పైగా పెద్దగా తగ్గవు, మబ్బు పట్టిందని టెన్షన్ అక్కర్లేదు. ఇదే గెలాక్సీలో 2011లో వచ్చింది టైప్ 1ఎ (తెల్ల మరుగుజ్జు నక్షత్రం పేలే రకం), 9.9 దాకా వెలిగింది, ఆ రకాన్ని మాత్రం వాయిదా వేయొద్దు, త్వరగా దిగిపోతాయి.

ప్రశ్న: మనలాంటి వాళ్లం కొత్త సూపర్‌నోవాని కనిపెట్టగలమా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఆస్ట్రేలియాలో రాబర్ట్ ఎవాన్స్ అనే పాస్టర్ గెలాక్సీల చుట్టూ ఉన్న చుక్కల్ని కంఠస్థం పట్టి, కెమెరా లేకుండా టెలిస్కోప్‌లో కంటితో చూసే 40కి పైగా పట్టారు. ఇప్పుడు రోబో టెలిస్కోపులు ఆకాశాన్ని జల్లెడ పడుతున్నాయి, కంటితో వాటిని దాటడం దాదాపు అసాధ్యం. మీరు చేయగల పని వేరే ఉంది. చుట్టూ ఉన్న 114, 118 చుక్కలతో పోల్చి సూపర్‌నోవా 116లా ఉందనిపిస్తే, తేదీ, టైం వేసి ఆవ్సోకి పంపండి, తీసుకుంటారు.