క్రోన్స్ వ్యాధికి ‘మందు తయారుచేసే బ్యాక్టీరియా’ దొరుకుతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. రెండేళ్ల కిందట క్రోన్స్ వ్యాధి (పేగుల్లో వాపు వచ్చే దీర్ఘకాలిక జబ్బు) అని చెప్పారు. అజాథయోప్రిన్ మాత్రలు వాడుతున్నాడు. బ్యాక్టీరియాలో మార్పులు చేసి మింగిస్తే అది పేగుల్లోనే మందు తయారుచేస్తుందని చదివాం. మనకు దొరుకుతుందా? ఏళ్ల తరబడి ఈ మాత్రలంటే భయంగా ఉంది. ఆపేసి దానికోసం చూడొచ్చా?
- ఓ తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మాత్రలు మాత్రం ఆపకండి. మీరు చదివింది అబద్ధం కాదు. కానీ మీ అబ్బాయి జబ్బుకు ఆ చికిత్స ఇంకా ఎక్కడా వాడకంలోకి రాలేదు.

ఈ ఆలోచనను మనుషుల్లో పరీక్షించిన తొలి ప్రయోగాల్లో ఒకటి క్రోన్స్ మీదే జరిగింది. పేగులో వాపును అణచే ఇంటర్‌ల్యూకిన్-10 అనే ప్రొటీన్ మన ఒంట్లోనే తయారవుతుంది. దాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి చూస్తే పెద్దగా గుణం కనిపించలేదు. అందుకని బెల్జియం శాస్త్రవేత్తలు లాక్టోకాకస్ లాక్టిస్ అనే బ్యాక్టీరియాను ఎంచుకున్నారు. మనం పాలు తోడుపెడితే పెరుగయ్యేది ఇలాంటి బ్యాక్టీరియా వల్లే. ఆ ప్రొటీన్ తయారుచేసే జన్యువును అందులో చేర్చారు. 2000లో ఎలుకల్లో పనిచేసింది.

ఆ తర్వాత వాళ్లు తీసుకున్న జాగ్రత్త నాకు చాలా నచ్చుతుంది. ఆ బ్యాక్టీరియా బతకడానికి థైమిడిన్ అనే పదార్థం (డీఎన్ఏ తయారీకి వాడేది) కావాలి. దాన్ని సొంతంగా తయారుచేసుకునే జన్యువును తీసేసి, సరిగ్గా అదే చోట ఇంటర్‌ల్యూకిన్-10 తయారుచేసే మనిషి జన్యువును పెట్టారు. ఇక బయట థైమిడిన్ దొరక్కపోతే అది చచ్చిపోతుంది. అంటే మలంతో బయటికి వెళ్లినా మట్టిలో, నీళ్లలో పెరగలేదు. 2006లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 10 మంది క్రోన్స్ రోగులకు వారం రోజులు ఇస్తే పెద్ద ఇబ్బందేమీ రాలేదు, ఎక్కువమందికి ఉపశమనం కనిపించింది. కానీ పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లు అందులో లేరు. తర్వాత అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు) రోగుల్లో అలా పోల్చి చూస్తే తేడా తేలలేదు. ఫీనైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బుకు ఇలాగే మార్చిన ఇ.కోలై అనే బ్యాక్టీరియా మూడో దశ ట్రయల్ దాకా వెళ్లి 2024లో ఆగిపోయింది.

మెడికల్ షాపులో దొరికే ప్రోబయోటిక్ సాచెట్లు ఇవి కావు. ‘ఆ బ్యాక్టీరియా మందే కదా’ అంటూ ఆ సాచెట్లు తెచ్చి నా టేబుల్ మీద పెట్టేవాళ్లున్నారు. అవి మామూలు బ్యాక్టీరియా. అజాథయోప్రిన్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కాబట్టి డాక్టర్‌ను అడగకుండా వాటిని మొదలుపెట్టొద్దు.

మీ భయం నాకు అర్థమైంది. అజాథయోప్రిన్ పూర్తిగా పనిచేయడానికే రెండు మూడు నెలలు పడుతుంది. మధ్యలో ఆపితే జబ్బు మళ్లీ ఎగదన్నొచ్చు. పేగు సన్నబడి మూసుకుపోతే ఆపరేషన్ దాకా వెళ్తుంది. రక్తకణాల పరీక్ష, లివర్ పరీక్ష డాక్టర్ చెప్పిన తేదీకి తప్పకుండా చేయించండి. వాపు తగ్గిందో లేదో మల పరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ ఎంతుందో చూస్తే తెలుస్తుంది. తగ్గకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లున్నాయి. వాటికి ముందు టీబీ లేదని నిర్ధారించుకోవాలి. మన దేశంలో పేగు టీబీ, క్రోన్స్ ఒకేలా కనిపించి ఇబ్బంది పెడతాయి కూడా.

మార్చిన బ్యాక్టీరియా ఇస్తామని ఎవరైనా డబ్బు అడిగితే కట్టకండి. అబ్బాయికి జ్వరం, గొంతునొప్పి వచ్చినా, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపించినా అదే రోజు డాక్టర్‌కు చూపించి రక్తపరీక్ష చేయించండి.